సొరుగులో చుట్ట

నేను రిటైరైన రోజున నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మందుల గదిలోని సొరుగులు ఒక్కొక్కటే లాగి చూసుకుంది. కొత్తగా ఫార్మసీ చదివి వచ్చిన పిల్ల, పద్ధతి గల మనిషి. మూడో సొరుగులో ఒక మూల పాత కాగితం పొట్లం కనిపించింది. విప్పితే అందులో ఎండి గట్టిపడిన చుట్ట. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మీరు కాలుస్తారా సార్ అని అడిగింది. లేదమ్మా, జన్మలో కాల్చలేదు అన్నాను. మరి పారెయ్యనా అంది. వద్దు, అది ఒక పేషెంటుది, నన్ను దాచమంది అన్నాను. ఆ పిల్ల నా వంక అదోలా చూసింది. రిటైర్మెంటు రోజు కదా, మనిషి కాస్త తేడాగా ఉంటాడులే అనుకుని ఉంటుంది. ఆవేళ దండలు, ఫొటోలు, మిక్చరు పొట్లాలు, ఒకటే హడావుడి. చెప్పడానికి కుదరలేదు. ఇప్పుడు తీరుబడిగా కూర్చుని చెబుతున్నాను, ఆ అమ్మాయికీ, ఆమెలాగే కొత్తగా మందుల కిటికీ వెనక కూర్చోబోయే మీకూ.

ఇరవై రెండేళ్ళు నేను ఒకే కిటికీ వెనక కూర్చున్నాను. అంబాజీపేట నుంచి కొబ్బరితోటల మధ్యగా వచ్చే రోడ్డు మా ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయేది. ఆ తరవాత రేవు, గోదావరి పాయ, అవతల లంక. నా కిటికీలోంచి చూస్తే నీళ్ళే కనబడేవి. చలికాలం పొద్దున్న మంచు పట్టిందంటే అవి కూడా కనబడేవి కావు. ముందు పంటు ఇంజను చప్పుడు వినిపించేది. పంటంటే రెండు పడవలు కలిపి, పైన చెక్కలు పరిచి, ఇంజను పెట్టింది. చప్పుడు దగ్గరికొచ్చేది, ఆగేది. కాసేపటికి మంచులోంచి ఒక గొడుగు, ఒక పాలక్యాను, దుప్పటి కప్పుకున్న ఒక మనిషి, ఒక్కొక్కటిగా బయటికొచ్చేవి. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు తీస్తే నాకు ఆ చప్పుడే వినిపిస్తుంది. లేచి చూస్తే మా ఇంటి మిక్సీ.

నా ఉద్యోగం పేరు ఫార్మసిస్టు. జనానికి మాత్రం కాంపౌండరు గారిని. డాక్టర్లు వచ్చేవారు, రెండేళ్ళు ఉండేవారు, బదిలీ చేయించుకుని వెళ్ళిపోయేవారు. నేను ఎక్కడికీ వెళ్ళలేదు. అందువల్ల నాకు ఒక జబ్బు పట్టుకుంది. లంకలో ఎవరికి ఏ మందు పడుతుందో, ఎవరికి పడదో నాకంటే ఎవరికీ తెలియదని నమ్మకం. అది ఉబ్బసం కంటే మొండి జబ్బు.

లంకవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. బీపీకో ఆయాసానికో నెలనెలా వాడే మాత్రలకి మనుషులు ఏరు దాటి వచ్చేవారు కాదు. చీటీలు పంటు నడిపే ఆయనకి ఇచ్చేవారు. ఆయనకి చదువు రాదు. అందుకని ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి చీటీని చుట్టి, కొబ్బరి తాడు పోగుతో కట్టి, గుర్తుకి ముళ్ళు వేసేవారు. ఒక ముడి అయితే ఫలానా ఇల్లు, రెండు ముళ్ళయితే ఇంకో ఇల్లు. నేను చీటీ విప్పి, మాత్రలు పొట్లం కట్టి, మళ్ళీ అదే తాడుతో కట్టి ఇచ్చేవాడిని. వాటితో పాటు నోటి కబుర్లు కూడా ఆయనే మోసేవాడు. ఫలానా ఆయనకి కాళ్ళు వాచాయటండి, ఫలానా ఆవిడకి మాత్ర వేసుకుంటే మగతగా ఉంటోందటండి. నేను కిటికీలోంచే జవాబు చెప్పేవాడిని. ఒక్కో మనిషి నాడి చూసి ఏళ్ళయ్యేది. అందరూ బాగానే ఉన్నట్టు ఉండేది.

మూడు ముళ్ళ చీటీ మామ్మగారిది. ఆవిడ పేరు ఇక్కడ అనవసరం, లంకంతా మామ్మ అనే పిలిచేది. చిన్నప్పటినుంచీ కొబ్బరి పీచు కొట్టి బతికిన మనిషి. నానబెట్టిన కొబ్బరి డొక్కల్ని కర్రతో కొట్టి కొట్టి, ఆ దుమ్ము పీల్చి, నలభై దాటేసరికి ఆయాసం తెచ్చుకుంది. దానికి తోడు అడ్డచుట్ట, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. పీచు తడుపుకునేచోట నీళ్ళు చిందితే చుట్ట ఆరిపోకుండా అప్పట్లో ఆడవాళ్ళు అలా నేర్చుకున్నారట. మనవరాలు టీచరు ట్రైనింగు చదువుతుంటే, ఈవిడ వాకిట్లో కూర్చుని నోట్లో నిప్పు పెట్టుకుని పాఠాలు వినేది.

ఆ రోజుల్లో మా దగ్గర ఇప్పటిలాగా నోట్లో కొట్టుకుని పీల్చే పంపులు లేవు. ఆయాసానికి మాత్రలే. థియోఫిలిన్ అనే మాత్ర ముఖ్యం. అది ఊపిరితిత్తులకు మంచే చేస్తుంది, కానీ మోతాదు మించితే గుండెని పరుగెత్తిస్తుంది. మంచికీ మించడానికీ మధ్య జాగా చాలా ఇరుకు. మామ్మగారికి మామూలు మోతాదు చాలేది కాదు. పాత డాక్టరుగారు ఒకాయన పెంచుకుంటూ పోయి, చివరికి మిగతావాళ్ళ కంటే రెట్టింపు దగ్గర ఆగారు. దానితో ఆవిడ హాయిగా ఉంది. డాక్టరుగారు బదిలీ మీద వెళ్ళిపోయినా చీటీ ఉండిపోయింది. ఏడేళ్ళు ఆ చీటీకే మాత్రలు ఇచ్చాను. ఈవిడ ఒళ్ళు గట్టిది, అంత మందూ తట్టుకుంటుంది అనుకునేవాడిని. ఎందుకు తట్టుకుంటోందని ఒక్కనాడూ అనుకోలేదు.

ఎప్పుడైనా పండక్కో పెళ్ళికో ఈ ఒడ్డుకి వచ్చినప్పుడు మా కిటికీ దగ్గరికి వచ్చేది. నేను చుట్ట గురించి సాధించేవాడిని. నేనొక పక్క మందిస్తుంటే మీరొక పక్క పొగ పెడుతున్నారు, ఇదేం న్యాయం మామ్మగారూ అనేవాడిని. ఆవిడ నవ్వేది. నా చెయ్యి పట్టుకుని, పొగ పోతే నేనూ పోతానండీ బాబూ అనేది. ఒకసారి నాకు ఒళ్ళు మండి, నా మాట వినకపోతే మానె, మీ దేవుడి కోసమైనా మానండి అన్నాను. ఆవిడ నవ్వడం ఆపేసి నా వంక చూసింది. వెంటనే వెళ్ళి పంటు ఎక్కింది.

అది పెద్ద తుపాను వచ్చిన మరుసటి ఏడాది. తలలు తెగిన కొబ్బరి మోళ్ళు ఇంకా తోటల్లో నిలబడే ఉన్నాయి. శ్రమ దినాలు మొదలయ్యాయి. ఈస్టరుకి ముందు నలభై దినాలు లంకలో క్రైస్తవులు ఏదో ఒకటి విడిచిపెడతారు, కొందరు మాంసం, కొందరు ఒక పూట భోజనం. ఆ వారం మూడు ముళ్ళ చీటీతో పాటు పంటాయన ఒక కబురు తెచ్చాడు. మామ్మ చుట్ట మానేసిందండి, కాంపౌండరుగారితో చెప్పమంది అని. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. సిస్టరుగారిని పిలిచి మరీ చెప్పాను. మా సిస్టరుగారు నాకంటే సీనియరు, మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ ఊఁ అని, సిరంజీలు మరగబెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

పది రోజులకి ఇంకో కబురు. నిద్ర పట్టటం లేదట, వేళ్ళు వణుకుతున్నాయట. చుట్ట యావ అలాగే ఉంటుంది, ఓర్చుకోమని చెప్పు అన్నాను. అంత ధీమాగా చెప్పాను. మరో వారానికి గుండె దడట, కడుపులో తిప్పుతోందట, మాత్ర వేసుకున్నాక ఎక్కువవుతోందట, కొన్నాళ్ళు మాత్ర ఆపమంటారా అని అడిగించింది. ఆ ఆఖరి మాట పంటాయన రెండుసార్లు చెప్పాడు. ఆపితే ఆయాసం తిరగబెడుతుంది, ఒక్క పూట కూడా మానొద్దని చెప్పు, వేళకి వేసుకోమను అన్నాను. అంతకు ముందు ఆవిడ సాయంత్రం మాత్ర తరచు మరిచిపోయేది. ఇప్పుడు మొక్కులో ఉంది కదా, నా మాట కూడా మొక్కులో కలిపేసుకుంది. ఒక్క పూట మానలేదు.

ఆ తరవాత సోమవారం మంచు బాగా పట్టింది. పంటు చప్పుడు మామూలు వేళకంటే ముందే వినిపించింది. రేవులో దిగినవాళ్ళు ఎంతకీ కనబడలేదు. చివరికి మంచులోంచి ఒక మడతమంచం వచ్చింది. దాన్ని ఒక పక్క పంటాయన, ఒక పక్క మనవరాలు మోసుకొస్తున్నారు. మంచం మీద మామ్మగారు కూర్చుని ఉంది. పడుకోలేకపోతోంది. చేతులు రెండూ వణుకుతున్నాయి. దారిలో మూడుసార్లు వాంతి చేసుకుందట.

అప్పుడు మా దగ్గర ఉన్న డాక్టరుగారు కుర్రాయన, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు. రొప్పుతూ వచ్చిన ఆయాసం మనిషికి మా ఆసుపత్రిలో ఒకటే దారి, నరంలోకి ఇంజెక్షను. రోగులు కూడా అదే అడిగేవారు. ఆయన మందు పేరు చెప్పేలోపే నేను తెచ్చేశాను. అంత అలవాటు. సీసా మెడ విరిచి అందించాను. ఆయన సిరంజిలోకి లాగారు. మంచం చుట్టూ నలుగురు మూగి, తొందరగా పొడవండి బాబూ అంటున్నారు.

మా సిస్టరుగారు మామ్మగారి వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆ చెయ్యి తియ్యకుండా అంది.

"డాక్టరుగారూ, పిల్లికూతలు లేవండీ."

ఆయన సూది పట్టుకున్న చెయ్యి ఆగింది. స్టెత్తు పెట్టి ముందూ వెనకా విన్నారు. నిజమే. ఉబ్బసంలో వినబడే కూత లేదు, ఊపిరి శుభ్రంగా వస్తోంది. రొప్పు ఊపిరిది కాదు. నాడి పట్టుకున్నారు. వాచీ చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేసి మళ్ళీ మొదలుపెట్టారు. అంత వేగంగా ఉంది, పైగా మధ్యమధ్య అడుగులు తప్పుతోంది. ఆయన సిరంజిని నెమ్మదిగా ట్రేలో పెట్టి, ఈ మధ్య ఏమైనా మారిందా, కొత్త మందు ఏదైనా వాడారా అని మనవరాలిని అడిగారు. ఆ పిల్ల ఏమీ లేదంది. తరవాత, కొంచెం గర్వంగానే అంది.

"చుట్ట మాత్రం మానేసిందండీ. ఇరవై ఆరు రోజులైంది."

డాక్టరుగారు నా వంక తిరిగి చీటీ ఏదని అడిగారు. తెచ్చి ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. ఆ తరవాత మెల్లగా, పరీక్షలో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా చెప్పారు. పొగాకు పొగకి ఒక గుణం ఉందట. అది లోపలికి పోతున్నంత కాలం కాలేయం ఈ మందుని తొందరతొందరగా ఖర్చు చేసేస్తుందట. అందుకే ఆవిడకి రెట్టింపు కావలసి వచ్చింది. పొగ ఆగింది. ఖర్చు ఆగింది. రెట్టింపు మాత్ర మాత్రం ఆగలేదు. రోజు రోజుకీ ఒంట్లో పేరుకుపోయింది. సిరంజిలో ఉన్నదీ ఆ జాతి మందే. అది కూడా లోపలికి పోయి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు. నాకు అడిగే ధైర్యం లేకపోయింది. విరిగిన సీసా ఇంకా నా చేతిలోనే ఉంది.

"దడ వచ్చినప్పుడు మాత్ర ఆపాలని మీకు తట్టలేదా?" అని ఆయన మనవరాలిని అడిగారు.

"ఆపమంటారా అని కబురంపేమండీ. ఆపొద్దన్నారండీ."

ఎవరన్నారని ఆయన అడిగారు. ఆ పిల్ల తల వంచుకుంది. పంటాయన గోడ మీది పోలియో బొమ్మని చూడ్డం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళు నా మాటలు మోసిన మనిషి ఆ ఒక్క మాట మొయ్యడానికి ఇష్టపడలేదు.

"నేనేనండీ" అన్నాను.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. గుండె బొమ్మ తీసే మిషను అమలాపురంలో తప్ప లేదు, వెంటనే తీసుకెళ్ళాలి, దారిలో నాడి పట్టుకుని కూర్చునే మనిషి కావాలి, మీరు వస్తారా అని అడిగారు. వస్తానన్నాను.

మా జీపు అప్పటికి నెల రోజులుగా మూలపడి ఉంది. రేవు దగ్గర టాక్సీ తోలే ఒకాయన తన పాత అంబాసిడరు తెచ్చాడు. ముందు సీట్లో డాక్టరుగారు, వెనక మనవరాలి ఒళ్ళో తల పెట్టుకుని మామ్మగారు, ఆవిడ చెయ్యి పట్టుకుని నేను. ఆ ప్రయాణం నాకు కలలో జరిగినట్టే గుర్తుంది. బయట ఏమీ లేదు, తెలుపు తప్ప. మధ్యమధ్య ఒక కొబ్బరి మోడు కారు పక్కకి వచ్చి వెళ్ళిపోయేది. నా వేళ్ళ కింద ఆవిడ గుండె కొట్టుకుంటోంది. కాసేపు గబగబా గబగబా, ఒక్కసారి ఆగి, మళ్ళీ పరుగు. అది ఆగిన ప్రతిసారీ నా గుండె కూడా ఆగేది. మళ్ళీ అందుకునేదాకా నేను ఊపిరి తీసుకునేవాడిని కాదు. ఇన్నేళ్ళలో ఆ చేతిని నేను అంతసేపు పట్టుకోవడం అదే మొదలు. పీచు తాళ్ళు పేని పేని అరచెయ్యి చెక్కలా ఉంది. మణికట్టు మాత్రం పసిపిల్లల చెయ్యంత సన్నం.

గుండె వేగం తగ్గించే మాత్ర ఏదైనా ఇవ్వకూడదా అని అడిగాను. ఉంది గానీ అది ఆయాసం మనిషికి ఊపిరి బిగించేస్తుందండీ అన్నారు డాక్టరుగారు, వెనక్కి తిరక్కుండా. అటు గుండెని కాపాడబోతే ఇటు ఊపిరి పోతుంది. చేతిలో మందులుండీ ఏదీ వేయలేకపోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

అంబాజీపేటలో లారీలు అడ్డం పడ్డాయి. ఒడిశా వెళ్ళేవో ఇంకెక్కడికి వెళ్ళేవో, కాయ నింపుకుంటూ వరసగా నిలబడి ఉన్నాయి. మంచు నిండా ఎండుకొబ్బరి వాసన. డాక్టరుగారు దిగి పరుగెత్తారు. ఎవరెవరో అరుస్తున్నారు, ఎవరూ కనబడటం లేదు. కాయలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు, డొక డొక డొకమని. నేను వేళ్ళ కింద ఇంకో చప్పుడు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. రెండూ కలిసిపోయి లెక్క తప్పింది. అప్పుడు మామ్మగారు కళ్ళు తెరిచింది.

తప్పు నాదేనని చెప్పాను. మీరు మాత్ర ఆపమంటారా అని అడిగితే నేనే వద్దన్నాను, మిమ్మల్ని చూడకుండానే చెప్పాను అన్నాను. ఆవిడ కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"మీరు మంచికే చెప్పేరు బాబూ. నేనూ మంచికే మానేను. మనిద్దరం మంచోళ్ళమే. మజ్జిలో దీనికి తెలియొద్దటండీ?" అని ఎడమ చేత్తో గుండె మీద తట్టుకుంది.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మనవరాలు నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. లారీ ఒకటి వెనక్కి జరిగి మాకు దారి వచ్చింది.

అమలాపురంలో ఒంటికి తీగెలు తగిలించి, గళ్ళ కాగితం మీద గుండె బొమ్మ తీశారు. పెద్ద డాక్టరుగారు ఆ కాగితాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకుని మా కుర్రాయనకి చూపించారు. గీతలు వరసగా వెళ్ళి వెళ్ళి, ఒకచోట ఎత్తుగా లేచి, మళ్ళీ వరసలో పడుతున్నాయి. ఇంజెక్షను చేశారా అని అడిగారు. చెయ్యలేదండీ, మా సిస్టరుగారు ఆపేరండీ అన్నారు ఆ కుర్రాయన. తన పేరు చెప్పుకోలేదు. అప్పటినుంచీ ఆయనంటే నాకు గౌరవం.

వైద్యం చాలా మామూలుది. మాత్రలు ఆపేశారు. సెలైను పెట్టారు. బొగ్గుపొడి నీళ్ళలో కలిపి గ్లాసులు గ్లాసులు తాగించారు. అది మామూలు బొగ్గు కాదు, దానికోసమే తయారుచేసింది, కడుపులో ఈ మందుని పట్టేసుకుని బయటికి తీసుకుపోతుంది. మామ్మగారు నల్లని మూతి తుడుచుకుంటూ, పొగ మానిపించి మసి తాగిస్తన్నారేంటండీ అని అడిగింది. ఆ మాటతో నాకు సగం భయం తీరింది. ఆ రోజు సాయంత్రానికి గుండె అడుగులు తప్పడం తగ్గింది. మర్నాటికి పరుగు నడకలోకి వచ్చింది. నాలుగో రోజున తీసిన బొమ్మలో గీతలన్నీ ఒక్క ఎత్తున ఉన్నాయి. ఆ కాగితం నేను అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో ఎక్కడో ఉండాలి.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. పెద్ద డాక్టరుగారు మోతాదు సగానికి తగ్గించి రాసి, ఒక చిక్కు చెప్పారు. ఈ సగం మోతాదు చుట్ట కాల్చని మనిషికి సరిపోతుంది. ఆవిడ మళ్ళీ చుట్ట పట్టుకుంటే ఇది చాలదు, ఆయాసం తిరగబెడుతుంది. ఆవిడ మొక్కు ఈస్టరు వరకే కదా, ఆ తరవాత ఏం చేస్తుందో కనుక్కోండి అన్నారు. నేను మామ్మగారిని అడిగాను. ఆవిడ పైకప్పు వంక చూస్తూ పడుకుంది. చూద్దారండీ, ముందు పండగ రానివ్వండి అంది. మనవరాలిని అడిగితే, ఆ పిల్ల నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. మొక్కు మొదలెట్టిన రోజునే మామ్మ ఒక చుట్ట చుట్టి, ఈస్టరు పొద్దున్న కాల్చుకోవడానికని బైబిలు పక్కన దాచుకుందట.

మామ్మగారు లంకకి తిరిగి వెళ్ళాక, ఈస్టరు ముందు రోజున పంటాయన వచ్చి, మామ్మకి ఏమైనా కబురు చెప్పాలాండీ అని అడిగాడు. నోటిదాకా వచ్చింది, చుట్ట ముట్టొద్దని చెప్పు అని. కిటికీ చువ్వలు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఏమీ లేదు, రేపు మొదటి పంటుకి నేనే వస్తున్నాను అన్నాను. ఆయన ఆశ్చర్యంగా, ఆయ్ అన్నాడు. కిటికీలోంచి రోజూ చూసే ఆ లంకలో నేను అడుగు పెట్టి తొమ్మిదేళ్ళు.

తెల్లవారి ప్రార్థన అయిపోయి జనం ఇళ్ళకి వెళ్తున్న వేళకి దిగాను. తెల్లచీరలు, చేతుల్లో పూలు, మంచు పల్చబడి ఎండ లేతగా దిగుతోంది. ఇసక మీద నా చెప్పులు దిగబడుతున్నాయి. ఎదురైనవాళ్ళల్లా, కాంపౌండరుగారు మీరా అని ఆగిపోయారు. అందరి చీటీలూ నాకు తెలుసు, మొహాలు సగం తెలియవు. సిగ్గేసింది. మూడు ముళ్ళ ఇల్లు ఎక్కడని ఒకాయన్ని అడిగాను. ఆయనకి అర్థం కాలేదు. మామ్మగారి ఇల్లు అన్నాక చూపించాడు.

ఆవిడ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో చుట్ట, పక్కన అగ్గిపెట్టె. ఇంకా ముట్టించలేదు. నన్ను చూసి లేవబోయింది, వద్దని ఆపి పక్కనే కింద కూర్చున్నాను. ఆవిడ ఏమీ అడక్కుండా చెయ్యి చాపింది. నేను వాచీ విప్పి అరచేతిలో పెట్టుకుని, నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను. ఎనభై రెండు. ఒక్క అడుగు తప్పలేదు.

చుట్ట విషయం ఎత్తాలని నోరు తెరిచాను. ఆవిడే అందుకుంది.

"కబురంపుతారనుకున్నానండీ. పంటాయన వచ్చి చెప్తే, ఆయ్ అని ఆయన్ని పంపించేసి ముట్టించేద్దును. మీరే వచ్చేరు."

ఆ చుట్టని వాసన చూసింది. చాలాసేపు చూసింది. నేను ఎటో చూస్తూ కూర్చున్నాను. అప్పుడు దాన్ని నా అరచేతిలో, వాచీ పక్కన పెట్టింది.

"ఉంచండి. నేనడిగినా ఇవ్వకండి."

ఆ తరవాత మనిషిని చూడకుండా చీటీకి మాత్రలు ఇవ్వడం మానేశాను. డాక్టరుగారితో చెప్పి, నెలకొకసారి మొదటి పంటుకి నేనో సిస్టరుగారో లంకకి వెళ్ళి నాడి చూసి, ఎలా ఉందో అడిగి ఇచ్చే ఏర్పాటు చేసుకున్నాం. రాగలిగినవాళ్ళు ఈ ఒడ్డుకే వచ్చేవారు. కిటికీలోంచి ముందు చెయ్యి పెట్టాలి, తరవాతే చీటీ. మొదట్లో నవ్వుకున్నారు. పంటాయన ఏ రోగమూ లేకుండానే రోజూ చెయ్యి పెట్టేవాడు. మీరు కూడా ఒకటి గుర్తు పెట్టుకోండి. మందు వేసుకున్నాక దడగా ఉంటోందని ఎవరైనా చెబితే, దానికి మీ దగ్గర అప్పటికే జవాబు సిద్ధంగా ఉంటే, ఆ జవాబు మింగేసి లేచి వెళ్ళి చెయ్యి పట్టుకోండి. తిండి మారిందా, పొగ మారిందా, ఇంకే డాక్టరు దగ్గరైనా మందు తెచ్చుకున్నారా, అన్నీ అడిగి డాక్టరుగారికి చెప్పండి. ఇంతకంటే నాకు చెప్పడానికి ఏమీ లేదు.

మామ్మగారు ఆ తరవాత పదకొండేళ్ళు బతికింది. నెలనెలా వచ్చేది. చెయ్యి పెట్టేది, నేను అంకె చెప్పేవాడిని. మాత్రలు కొంగున కట్టుకుని, వెళ్ళబోతూ ఆగి, ఉందాండీ అని అడిగేది. నేను మూడో సొరుగు లాగి పొట్లం చూపించేవాడిని. ఆవిడ తృప్తిగా తల ఊపి పంటు ఎక్కేది. పంపులు వచ్చి మాత్రలు మానేశాక కూడా అడిగేది. ఒక్కసారి కూడా ఇవ్వమని అడగలేదు.

ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేవలేదట. కబురు పంటాయన కొడుకు తెచ్చాడు. అప్పటికి మనవరాలు టీచరై, లంకలోనే ఉద్యోగం చేస్తోంది. నేనూ సిస్టరుగారూ వెళ్ళాం. సిస్టరుగారు అప్పటికే రిటైరై కర్ర పట్టుకుని నడుస్తోంది. బయల్దేరేముందు మూడో సొరుగు తీసి, పొట్లం చొక్కా జేబులో పెట్టుకున్నాను. శవపెట్టెలో పెడదామని. ఎన్నేళ్ళు దాచుకున్న చుట్ట అది, ఇప్పుడు ఇస్తే ఏ గుండెకి ఏమవుతుంది?

ప్రార్థన అయింది. ఆఖరిసారి చూసుకునేవాళ్ళు చూసుకోండన్నారు. నేను దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. అలవాటు కొద్దీ నా వేళ్ళు మణికట్టు మీదికి వెళ్ళాయి. సిస్టరుగారు నా మోచెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి జేబులో పొట్లం మీద ఉంది. తియ్యబోయి ఆగాను. నేనడిగినా ఇవ్వకండి అంది కదా. చెయ్యి ఖాళీగా బయటికి తీసి, పెట్టె అంచు మీద పెట్టాను. ఆ పొట్లం అలాగే జేబులో పెట్టుకుని తిరుగు పంటు ఎక్కి, ఆసుపత్రికి వచ్చి, మూడో సొరుగులో పెట్టేశాను.